దిష్టి, నజర్, మాషా అల్లాహ్: చూసినవాళ్లు అనాల్సిన మాట

ప్రశ్న (మధురవాడ నుంచి):
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆవిడ మా పాపను ఎత్తుకున్నప్పుడల్లా "మాషా అల్లాహ్" అంటారు. అది దిష్టి తగలకుండా అనే మాట అని మా అత్తగారు చెప్పారు. మా వారేమో ఇస్లాంలో దిష్టీ గిష్టీ ఉండవు, అవన్నీ మనకే అంటారు. ఎవరిది రైటు? అసలు అరబ్బీలో దిష్టికి మాట ఉందా?

జవాబు (సీతమ్మధార, రిటైర్డ్ తెలుగు మాస్టారు):
అమ్మా, తెలుగు వైపు సంగతి నేను చెప్తాను. దృష్టి ప్రకృతి, దిష్టి వికృతి. చూపు, శ్రద్ధ, ఆలోచన లాంటి పెద్దమనిషి పనులన్నీ దృష్టి దగ్గరే ఉండిపోయాయి. కీడు చేసే చూపు మాత్రం దిష్టి పాలబడింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని సామెత ఉండనే ఉంది. అరబ్బీ సంగతి మన కోటవీధి తమ్ముడు చెప్పాలి.

జవాబు (వన్‌టౌన్, కోటవీధి):
మాస్టారూ, నమస్కారం. చెల్లెమ్మా, మీ అత్తగారిదే రైటు, చిన్న సవరణతో.

అరబ్బీలో దిష్టిని "ఐన్" అంటారు. ఐన్ అంటే కన్నే. మా ఇళ్లలో ఉర్దూ మాట్లాడేటప్పుడు "నజర్", తెలుగులోకి రాగానే మాకూ దిష్టే. "అల్ ఐను హఖ్", అంటే దిష్టి నిజం అని ప్రవక్త (స) అన్న మాట బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింట్లోనూ ఉంది. సున్నీలు అన్నిటికన్నా గట్టిగా నమ్మే సంకలనాలు ఆ రెండూ. కాబట్టి బావగారి మాట నిలవదు. ఖుర్ఆన్‌లో 113వ సూరా (అధ్యాయం), ఫలఖ్, చివరి వాక్యంలో అసూయపడేవాడు అసూయపడినప్పుడు వాడి కీడు నుంచి కాపాడమన్న వేడుకోలు ఉంది. 12వ సూరాలో యాఖూబ్ అనే ప్రవక్త తన కొడుకులను పంపిస్తూ అందరూ ఒకే ద్వారంలోంచి వెళ్లకండి, వేర్వేరు ద్వారాల్లోంచి వెళ్లండి అంటాడు. అందగాళ్లయిన కొడుకులు గుంపుగా కనబడితే దిష్టి తగులుతుందని ఆయన భయమట. చాలామంది వ్యాఖ్యాతలు అలాగే చెప్పారు.

అసలు కథ మాత్రం ఇమామ్ మాలిక్ సంకలనం మువత్తాలో ఉంది. సహల్ ఇబ్న్ హునైఫ్ అనే ఆయన ఖర్రార్ అనే చోట స్నానానికని పై వస్త్రం తీశాడు. ఒళ్లు తెల్లగా నిగనిగలాడుతోంది. పక్కనే ఉన్న ఆమిర్ ఇబ్న్ రబీఆ చూసి, ఇలాంటి చర్మం ఎన్నడూ చూడలేదు, గడప దాటని కన్నెపిల్లకైనా ఉండదు అన్నాడు. సహల్ ఉన్నచోటే జబ్బుపడ్డాడు. కబురు అందాక ప్రవక్త (స) ఆమిర్‌ను మందలించారు: మీలో ఒకడు తన సోదరుణ్ణి ఎందుకు చంపాలి? అతనికి బరకత్ (దేవుడిచ్చే శుభం) కోరి ఉండకూడదా? ఆ తర్వాత ఆమిర్ చేత ముఖం, చేతులు, మోచేతులు, మోకాళ్లు, కాలివేళ్లు, లుంగీ లోపలి అంచు ఒక గిన్నెలో కడిగించి, ఆ నీళ్లు సహల్ మీద పోయించారు. సహల్ లేచి మామూలుగా నడిచి వెళ్లాడు.

ఇందులో ఆమిర్ శత్రువేమీ కాడు, కుళ్లుబోతు అంతకన్నా కాడు. బాగుంది కాబట్టి బాగుంది అన్నాడు, అంతే. అసూయను "హసద్" అంటారు, దిష్టిని "ఐన్" అంటారు. మెచ్చుకున్న కంటికి కూడా ఐన్ ఉంటుంది. అందుకే చూసినవాడే ఆ వెంటనే ఒక మంచిమాట అనాలి. నేనన్న సవరణ ఇదే. ఈ హదీసు అడిగింది బరకత్ కోరడం, అంటే "బారకల్లాహ్". "మాషా అల్లాహ్", అంటే అల్లాహ్ తలచినదే అయింది అన్న మాట, 18వ సూరాలోది. అక్కడ తన తోట చూసుకుని మిడిసిపడినవాడితో స్నేహితుడు, తోటలోకి అడుగుపెట్టినప్పుడు ఆ మాట అనుంటే బాగుండేది కదా అంటాడు. తన సొంత ఆస్తి చూసుకుని అనాల్సిన మాట అది. వాడుకలో మాత్రం అన్నిటికీ మాషా అల్లాహ్ స్థిరపడింది. కింది ఫ్లోర్ ఆవిడను తప్పుపట్టడానికేమీ లేదు, నేనూ అదే అంటాను.

మన దగ్గర పని అంతా చూడబడినవాళ్ల నెత్తిన పడింది. పిల్లకు దిష్టి చుక్క, ఇంటికి గుమ్మడికాయ, షాపుకి నిమ్మకాయ మిరపకాయలు, ఆటోకి నల్లతాడు. చూసినవాడు హాయిగా చూసి వెళ్లిపోతాడు. అలాగని ఇదేదో తక్కువని నేననను. దిష్టి తీసేటప్పుడు ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని ఊరందరినీ కలిపేస్తారు చూడండి, ఏ ఒక్కరి పేరూ బయటికి రాదు. సహల్ విషయంలో ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడగాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో అలా అడిగితే అసోసియేషన్ మీటింగ్ పెట్టాల్సి వస్తుంది.

దిష్టి చుక్క గురించి ఇంకోటి. మూడో ఖలీఫా ఉస్మాన్ ఒక ముద్దొచ్చే పిల్లాణ్ణి చూసి, దిష్టి తగలకుండా వాడి గడ్డం మీది సొట్టలో నల్లచుక్క పెట్టమన్నారని 1350లో చనిపోయిన ఇబ్న్ అల్ ఖయ్యిమ్ రాశాడు. కాటుక చుక్క పెట్టే మా అమ్మ ఈ కథ వినగానే పండగ చేసుకుంది.

జవాబు (గాజువాక నుంచి):
భాషా గ్రూపులో ఈ మూఢనమ్మకాలేంటండీ? కంట్లోంచి ఏం వస్తుంది, కరెంటా? దిష్టిబొమ్మ అంటే మా వైపు ధర్నాలో తగలబెట్టేది, అంతవరకే మాకు తెలుసు.

జవాబు (వన్‌టౌన్, కోటవీధి):
అన్నయ్యా, కరెంటు ప్రశ్న వెయ్యేళ్ల కిందటే వేశారు. 915లో చనిపోయిన అబూ అలీ అల్ జుబ్బాయీ అనే మొతజిలా (తర్కానికి పెద్దపీట వేసిన ఇస్లాం శాఖ) పండితుడు దిష్టిని ఒప్పుకోనే లేదు. ఎక్కువమంది ఆయన వెంట వెళ్లలేదు, అది వేరే సంగతి.

ప్రశ్న (మధురవాడ నుంచి):
అన్నయ్యగారూ, చాలా బాగా చెప్పారు. దర్గా కొండ మీద తాయెత్తులు కట్టించుకుంటారు కదా, అది కూడా హదీసు ప్రకారమేనా? మా అత్తగారు పాపకి ఒకటి తెస్తానంటున్నారు.

జవాబు (వన్‌టౌన్, కోటవీధి):
అక్కడే మాలో మాకు తగువు. తాయెత్తు వేలాడదీసుకోవడం షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం అని ఒక హదీసు ఉంది. లోపల ఖుర్ఆన్ వాక్యమే రాసి ఉంటే పరవాలేదని కొందరు పండితులు, అదీ వద్దని కొందరు. ఆ కొండ మీది ఇషాక్ మదీనా దర్గాకి మొక్కుకునేవాళ్లలో హిందువులూ బోలెడుమంది, వాళ్లకి ఈ తగువుతో పని లేదు. చదివి ఊదడాన్ని "రుఖ్యా" అంటారు. అందులో షిర్క్ లేకపోతే తప్పు లేదని ముస్లిం సంకలనంలోనే ఉంది. ప్రవక్త (స) మనవలు హసన్, హుసైన్‌ల కోసం చదివిన దుఆ (వేడుకోలు)లో కీడు చేసే ప్రతి కంటి నుంచీ అన్న మాట కూడా వస్తుంది. మా ఇంట్లో పిల్లలకి పడుకునే ముందు ఫలఖ్, నాస్ సూరాలు చదివి ఊదుతాం. ఇక ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసే "నజర్ ఉతార్నా" ఉంది చూశారూ, మసీదులో వద్దంటారు, వంటింట్లో మానరు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని అర్థం అట. అక్షరాలా మీ ఇళ్లలో చెప్పే మాటే.

జవాబు (భీమిలి నుంచి):
నాయనా, అన్నీ బాగానే చెప్పావు గానీ ఒకచోట ఒప్పుకోను. చూసినవాడు ఊరికే చూసి పోతాడన్నావు. మా అమ్మమ్మ ఏ బిడ్డను చూసినా రెండు చేతులూ వాడి బుగ్గల మీంచి దించి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచేది. "నా దిష్టే తగిలేలా ఉందిరా, నా తండ్రీ" అనేది. ఆ మెటికలు విరిచింది చూసిన మనిషి కాదూ?

జవాబు (వన్‌టౌన్, కోటవీధి):
పిన్నిగారూ, నిజమే, అది నాకు తట్టలేదు. మా నాన్నమ్మా అచ్చం అలాగే విరిచేది. మేము దాన్ని "బలాయే లేనా" అంటాం, నీ ఆపదలు నేను తీసుకుంటున్నానని.

జవాబు (సీతమ్మధార, రిటైర్డ్ తెలుగు మాస్టారు):
మెటికలు విరవడానికి ఉత్తరాంధ్రలో ఇంకా ఏమేం మాటలున్నాయో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు కింద రాయండి. విరిచేటప్పుడు పైకి ఏమైనా అంటారా, అన్నది కూడా.