రిపేరుకి ఇస్తున్నాను, నాన్నగారి కాగితాలు ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (తెనాలి నుంచి):
మా విండోస్ 10 డెస్క్‌టాప్ ఫ్యాన్ గోల చేస్తోంది, రేపు షాపులో ఇవ్వాలి. డి డ్రైవ్‌లో నాన్నగారి పట్టాదారు పాస్‌బుక్, ఆధార్ స్కాన్లు, అమ్మ ఆపరేషన్ రిపోర్టులు ఉన్నాయి. ఫోల్డర్ హిడెన్‌లో పెట్టాను, లాగిన్ పాస్‌వర్డ్ ఉంది. రెండేళ్ల క్రితం ఇలాగే ఒక షాపులో ఇస్తే, నేను తిరిగి వెళ్లేసరికి అక్కడి కుర్రాడు మా పెళ్లి ఫొటోలు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. అప్పటి నుంచి టెన్షన్. ఇది సరిపోతుందా?

జవాబు:
సరిపోదండీ. హిడెన్ ఫోల్డర్ వ్యూ మెనూలో ఒక్క టిక్ పెడితే కనిపిస్తుంది. డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే మీ లాగిన్ పాస్‌వర్డ్ అసలు అడగదు. అయినా ఫ్యాన్ మార్చడానికి హార్డ్ డిస్క్ ఎందుకు? కాపీ తీసుకుని, డిస్క్ మీ ముందే విప్పించి ఇంటికి తెచ్చేసుకోండి. నేనెప్పుడూ అదే చేస్తాను.

మరో జవాబు:
అలా కుదరకపోతే ఫైళ్లకు పాస్‌వర్డ్‌తో తాళం వేసే వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. అందులో కంటెయినర్ (పాస్‌వర్డ్‌తోనే తెరుచుకునే పెట్టె లాంటి ఫైలు) చేసి మీ ఫైళ్లు పెట్టండి. బయట మిగిలిన పాత ఫైళ్లు డిలీట్ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగొచ్చే అవకాశం ఉంది, జాగ్రత్త. పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మర్చిపోతే ఎవరూ తెరవలేరు. ఇంకోటి, విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, దాని సంగతీ చూడండి.

ప్రశ్న అడిగినవారు:
డిస్క్ విప్పించాను. న్యూస్‌పేపర్లో చుట్టి, అమ్మ రిపోర్టుల ఫైలు పక్కనే బీరువాలో పెట్టాను. చాలా థాంక్స్ అండీ.