పాత బీఎండబ్ల్యూ 320డీ కొనవచ్చా?

అందరికీ నమస్కారం. 2014 నాటి బీఎండబ్ల్యూ 320డీ ఒకటి అమ్మకానికి వచ్చింది. 85 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉండేది హైదరాబాద్, నెలకు రెండుసార్లు సూర్యాపేట మీదుగా ఖమ్మం దగ్గరున్న మా ఊరికి వెళ్తాను.

నడిపి చూసినప్పుడే మనసు పారేసుకున్నాను. రెండు లీటర్ల డీజిల్ ఇంజను, 184 హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. వెనక చక్రాలు తోస్తుంటే మలుపుల్లో స్టీరింగ్ ఎంత చక్కగా మాట వింటుందో! ఇంట్లోవాళ్లకు మాత్రం ఎక్కలేదు. సీటు మరీ కిందికి ఉండటంతో మోకాళ్ల నొప్పులున్న అమ్మ తలుపు పట్టుకుని లేవాల్సి వచ్చింది. వెనక మధ్యలో కూర్చున్న మా అబ్బాయి, నేలమీది ఎత్తుకు అటొక కాలు ఇటొక కాలు వేసుకున్నాడు.

నా భయాలు వేరు. డిక్కీలో స్టెపినీ లేదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేశారు. రాత్రిపూట ఊరి దారిలో టైరు పక్కభాగం చిరిగితే మీరేం చేస్తారు? ఈ ఇంజనులో వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే గొలుసు, అంటే టైమింగ్ చైను, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చాలంటే చాలా విప్పాలి. దాని అరుగుదలను కొనేముందే ఎలా పసిగట్టాలి? పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి చప్పుడు వింటే సరిపోతుందా? ఏడాదికి మరమ్మతులకు ఎంత పక్కన పెడుతున్నారో, ఈ కారు నడుపుతున్నవారు ఉన్నదున్నట్టు చెప్పగలరు.