మా కుక్క ఎలుకల మందు బిళ్లలు తిన్నాడు, కానీ హుషారుగానే ఉన్నాడు. డాక్టర్ దగ్గరికి పోవాలా?

ప్రశ్న (చంద్రగిరి పక్కన పల్లె): శనక్కాయ మూటలు కొరికేస్తున్నాయని మా నాయన రాత్రి 12 బిళ్లలు మూటల సందుల్లో పెట్టాడు. నాకు చెప్పలేదు. పాలు పితకడానికి లేచి నాలుగున్నరకి కర్రోడి గొలుసు విప్పాను. నాటు కుక్క, 15 కిలోలుంటాడు. ఆరింటికి చూస్తే వాడి మూతి అంతా నీలం, బిళ్లలు ఏడే మిగిలాయి. ఇప్పుడు ఆరున్నర. తోక ఊపుకుంటూ తిరుగుతున్నాడు. ఉప్పునీళ్లు పోస్తే కక్కేస్తాడని అమ్మ. "ఎలుకకి వేసేది, వీడికేమవుతుంది" అని నాయన. సాయంత్రం దాకా చూడనా?

రేణిగుంట నుంచి: చూడొద్దన్నా. ఉప్పునీళ్లు అసలు వద్దు, ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం. కవర్ మీద ఏముంది? నల్లటి పొడి, వెల్లుల్లి వాసనదైతే జింక్ ఫాస్ఫైడ్. దానికి పాలు, అన్నం ఏమీ పెట్టకూడదు. కడుపులోని ఆమ్లం తగిలి విషపు గ్యాస్ పుడుతుంది, కక్కితే మనకీ ప్రమాదమే.

చంద్రగిరి: కవర్ చెత్తలో దొరికింది. బ్రోమాడియోలోన్ 0.005 శాతం.

పాకాల నుంచి: అయితే రక్తం గడ్డకట్టనివ్వని రకం. విటమిన్ కె మళ్లీ వాడకంలోకి రాకుండా అడ్డుకుంటుంది. ఒంట్లో అప్పటికే ఉన్న గడ్డకట్టించే పదార్థాలు అయిపోయేదాకా, అంటే మూడు నుంచి ఐదు రోజులు, పైకేమీ కనపడదు. మా టామీ నాలుగో రోజు కూడా గిన్నె నాకేశాడు. ఐదో రోజు చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, రొప్పు మొదలైంది. అప్పుడు తీసుకుపోయాను. దక్కలేదు. హుషారుగా ఉన్నాడు కదా అని నేనూ నీలాగే అనుకున్నా తమ్ముడూ. కక్కించడం మొదటి రెండు మూడు గంటల్లోనే బాగా పనికొస్తుంది. దగ్గర్లోని పశువుల డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. దొరక్కపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి పో. కవర్, మిగిలిన బిళ్లలు చేతిలో ఉండాలి.

చంద్రగిరి (మధ్యాహ్నం): ఏడుకి డాక్టర్ గారి ఇంటికే తీసుకుపోయాం. ఇంజెక్షన్ వేస్తే మూడుసార్లు నీలం ముద్దలు కక్కాడు. తర్వాత బొగ్గుపొడి తాగించారు. విటమిన్ కె1 మాత్రలు నాలుగు వారాలట, కొవ్వున్న తిండితో ఇస్తేనే బాగా పడుతుందట. ఆపిన రెండు రోజులకి రక్తం గడ్డకట్టే టైమ్ చూస్తారు. మెడికల్ షాపులో దాని బదులు విటమిన్ కె3 ఇస్తే తీసుకోవద్దన్నారు, దీనికి పనిచెయ్యదట. నాయన పొద్దుట్నుంచి మాట్లాడలేదు, మిగతా బిళ్లలన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళమేశాడు. ఇప్పుడు నా టెన్షన్ వేరే. నెయ్యన్నంలో మాత్ర పెడితే అన్నం తిని మాత్ర ఊసేస్తున్నాడు. ఎలా మింగించాలి?