హెల్సింకి ఓడి గ్రంథాలయం: కింద స్తంభాలు ఏవి?

ప్రశ్న: ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2018లో తెరిచిన మూడంతస్తుల గ్రంథాలయ భవనం. గ్రౌండ్ ఫ్లోర్ హాలు నడుమ స్తంభాలే కనబడవు. పుస్తకాల బరువు ఎటు పోతోంది?

జవాబు 1: అది ఒకరకంగా వంతెనే. రెండు ఉక్కు ఆర్చీలు 100 మీటర్లకు పైగా ఒక్క అంగలో దాటుతాయి. బరువు పడితే ఆర్చి కాళ్లు బయటికి జారబోతాయి. విల్లుకు నారిలా, కింద బిగించిన కాంక్రీటు స్లాబు వాటిని పట్టి ఉంచుతుంది.

జవాబు 2: ఆ స్థలం కింద ముందుముందు రోడ్డు సొరంగం తవ్వాల్సి రావచ్చని కూడా, నడుమ స్తంభాలు దింపకుండా అలా కట్టారు.

జవాబు 3: ఇబ్బందల్లా మధ్య అంతస్తుకే. ఉక్కు అక్కడ అడ్డొస్తుంది. అందుకే స్టూడియోలు, కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు ఆ సందుల్లో సర్దారు. పుస్తకాలు పై అంతస్తులో.