‘ట్రూ టోడ్స్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఒక అనువాదంలో ‘ట్రూ టోడ్స్’ అని వచ్చింది. ‘నిజమైన గోదురు కప్పలు’ అని రాస్తే, తక్కినవి అబద్ధపు కప్పలేమో అనిపిస్తోంది. టోడ్‌కు తెలుగులో ‘కప్ప’ లేకుండా విడిగా ఒక మాట లేకపోవడం లోటే కదండీ?

జవాబు: నాకైతే అది లోటుగా తోచదండీ. ఫ్రాగ్, టోడ్ అన్నవి శాస్త్రం కంటే ముందు, చూపును బట్టి పుట్టిన పేర్లు. నున్నగా, తడిగా ఉండి ఎగిరి దూకేది ఒకటి, గరుకు ఒంటితో చిన్న చిన్న గెంతులు వేసేది ఇంకొకటి. శాస్త్రం తోకలేని ఉభయచరాలన్నిటినీ ఒకే క్రమంలో ఉంచింది. అందులోని యాభైకి పైగా కుటుంబాల్లో బ్యుఫోనిడే ఒకటి, 600కు పైగా జాతులతో. అంటే టోడ్ కూడా కప్పే. ఆ సంగతి మన మాటలోనే ఉంది!

‘ట్రూ’ అంటే ఈ కుటుంబానికి చెందినవని మాత్రమే. అమెరికాలో ‘స్పేడ్‌ఫుట్ టోడ్’ అనేది ఈ కుటుంబంలోది కాదు. పనామా ‘బంగారు ఫ్రాగ్’ పేరుకు ఫ్రాగ్, ఒళ్లు నునుపు, పసుపు రంగు, అయినా కుటుంబం బ్యుఫోనిడే. పేరును నమ్ముకుంటే రెండు చోట్లా పొరబడతాం. ఈ కుటుంబానికి పళ్లుండవు. మగవాటిలో వృషణం పక్కన, అండాశయంగా మారగల చిన్న అవయవం ఒకటి ఉంటుంది. నాకు ఎంతో అబ్బురంగా తోచే సంగతి ఇది.

కాబట్టి మొదటిసారి ‘బ్యుఫోనిడే కుటుంబపు గోదురు కప్పలు’ అనండి, ఆపైన ‘గోదురు కప్పలు’ చాలు.

ప్రశ్న: మా ఇంట్లో గోదురు కప్ప అంటే తొలకరికి మడుగుల్లో అరిచే పెద్ద కప్ప. మగవి పచ్చగా పసుపు పూసుకున్నట్టు ఉంటాయి.

జవాబు: మంచి మాట గుర్తు చేశారు. అది వేరే కుటుంబం. అందుకే మొదటిసారి కుటుంబం పేరు తప్పకుండా ఉండాలన్నాను. రాత్రిళ్లు వీధిదీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే గరుకు కప్ప మాత్రం బ్యుఫోనిడేయే. 1799లో ష్నైడర్ దాన్ని ‘బ్యూఫో మెలనోస్టిక్టస్’ అన్నాడు, నల్ల చుక్కలది అని. 2006లో ‘బ్యూఫో’ అన్న ప్రజాతి పేరు ‘దత్తాఫ్రైనస్’ అయింది. ఫ్రైనోస్ అంటే గ్రీకులో గోదురు కప్ప, దత్తా అంటే మన దేశపు ఉభయచరాల శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా. తెలుగులో ‘దత్తా గోదురు కప్ప’ అని రాస్తే ఎంత బాగుంటుందో చూడండి.