బెంగళూరులో జపనీస్ భోజనం, పంచుకుని తినే ప్లేట్లు: అమ్మానాన్నలను తీసుకెళ్లే ముందు ఏమేం కనుక్కోవాలి?

పెన్నా ఒడ్డు (కడప) – ప్రశ్న

వచ్చే నెలలో మా అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఆ రాత్రి భోజనానికి అక్కడి ఖరీదైన జపనీస్ రెస్టారెంట్ ఒకదానిలో టేబుల్ బుక్ చేశాడు. ఎవరి భోజనం వారికి వేరుగా రాదనీ, చిన్న చిన్న ప్లేట్లలో వచ్చే వంటకాలను బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవాలనీ చెప్పాడు. నాన్నగారు కోడి, చేప తింటారు గాని గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. బీపీ మాత్రలు వాడుతున్నారు. అమ్మ గుడ్డు కూడా తినదు. మా మరదలికి ఇప్పుడు ఐదో నెల. నేనూ తమ్ముడూ అన్నీ తింటాం.

తమ్ముడు ఎంతో ఇష్టంగా చేస్తున్న ఏర్పాటు కనుక వద్దనడానికి నాకు మనసు రావడం లేదు. అయితే ఒకే ప్లేటులో నుంచి అందరూ తీసుకుంటే ఎంగిలి అవుతుందని అమ్మ ఇబ్బంది పడుతుంది. ఆమె నిశ్చింతగా తినగలిగేవి అక్కడ ఏముంటాయి? ఆ చిన్న ప్లేట్లతో అయిదుగురికి కడుపు నిండుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

బురుజు నీడ (కర్నూలు)

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు జపాన్‌లో ఉన్నాను. ముందుగా ఎంగిలి సంగతి: ఈ విషయంలో అమ్మగారి పట్టింపును వాళ్లు మనకంటే సులభంగా అర్థం చేసుకుంటారు. ప్రతి ఒక్కరి ముందూ ‘తోరిజారా’ అనే చిన్న ప్లేటు ఉంటుంది. మధ్యనున్న ప్లేటులోంచి వడ్డించుకోవడానికి ‘తోరిబాషి’ అనే వేరే పుల్లల (చాప్‌స్టిక్స్) జత ఉంటుంది; దాన్ని ఎవరూ నోట పెట్టుకోరు. బల్ల మీద అవి కనిపించకపోతే అడగండి, తెచ్చిపెడతారు. స్పూను, ఫోర్కు అడిగినా ఎవరూ తప్పుగా చూడరు. పులుపు కలిపిన అన్నం మీద చేప ముక్క పెట్టి చేసే సుషీని చేత్తో తినడం జపాన్‌లోనూ ఉన్నదే.

శుభకార్యం కనుక రెండు విషయాలు గుర్తుంచుకోండి. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి పెట్టే అన్నంలో వాళ్లు అలా గుచ్చుతారు. ఒకరి పుల్లలతో పట్టుకున్నదాన్ని మరొకరు తమ పుల్లలతో అందుకోకూడదు. దహనం తర్వాత అస్థికలను బంధువులు ఏరేది ఆ విధంగానే. ఒక ముక్క అమ్మగారికి ఇవ్వాలనుకుంటే ఆమె ప్లేటులో పెట్టేయండి.

ఇక ఆర్డరు. అన్నీ ఒకేసారి చెప్పకండి. వంటగదిలో ఏది ముందు సిద్ధమైతే అది వస్తుంది. అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఆగే మన అలవాటు అక్కడ వంటకాన్ని పాడుచేస్తుంది. తెంపురా అంటే పల్చని పిండిలో ముంచి వేయించిన కూరగాయలు, రొయ్యలు; నూనెలోంచి తీసిన కొద్ది నిమిషాలకే ఆ పల్చని పిండిపూత మెత్తబడిపోతుంది కనుక, ప్లేటు రాగానే పెద్దలతో మొదలుపెట్టి తినేయండి. మొదట మూడు నాలుగు రకాలు చెప్పి, అవి పూర్తి కావస్తుండగా నచ్చినవాటిని మారు తెప్పించుకుంటే వృథా ఉండదు. ప్లేటుకు ఎన్ని ముక్కలు వస్తాయో తప్పక అడగండి. మూడే వస్తే అయిదుగురికి రెండు ప్లేట్లు చెప్పడం మేలు. ఆఖరి ముక్క కోసం ఒకరి ముఖం ఒకరు చూసుకునే పరిస్థితి పెద్దల ముందు రాకూడదు.

నాన్నగారికి నిప్పుల మీద కాల్చిన కోడిమాంసపు పుల్లలు, అంటే యాకితోరి, నచ్చుతాయని నా నమ్మకం. ఉప్పు రాసి కాల్చిన చేప కూడా చెప్పండి. పక్కన ముల్లంగి తురుము పెడతారు, చేప ముక్కతో కలిపి తింటే ఎంతో బాగుంటుంది. కారం చాలకపోతే ‘షిచిమి’ అడగండి, అది మిరప కలిసిన ఏడు దినుసుల పొడి. పచ్చటి వసాబి ముద్దను మాత్రం పచ్చడిలా కలుపుకోవద్దని ముందే చెప్పి ఉంచండి. ఆవఘాటులా నేరుగా ముక్కుకెక్కుతుంది.

గుత్తి దారి (అనంతపురం)

నేను బెంగళూరులో ఇటువంటి వంటగదిలోనే పనిచేశాను. అమ్మగారి విషయంలో అసలు జాగ్రత్త పడవలసింది కంటికి కనిపించని చేప గురించి. జపనీస్ వంటకు ఆధారమైన ‘దాషి’ అనే నీటిని సాధారణంగా కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టిన చేపను చిత్రిక పట్టినట్టు తీసిన పొరలతోనూ కాస్తారు. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో అదే, వేయించిన టోఫు (సోయా పనీర్) చుట్టూ పోసే పులుసులో అదే, తెంపురా ముంచుకునే రసంలోనూ అదే. కూరగాయల తెంపురా అని రాసి ఉన్నా పిండిలో గుడ్డు కలిపి ఉండవచ్చు, రొయ్యలు వేగిన నూనెలోనే వేగవచ్చు. కొన్ని వంకాయ, టోఫు వంటకాల మీద వేడికి ప్రాణమున్నట్టు కదిలే గోధుమరంగు పొరలు చల్లుతారు. అవి ఆ ఎండుచేప పొరలే.

కనుక ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. రెండు రోజుల ముందే ఫోన్ చేసి, చేప దాషి, గుడ్డు వద్దనీ, వేయించే నూనె వేరుగా ఉండాలనీ విడమరచి చెప్పండి. భోజనవేళ రద్దీలో బల్ల దగ్గర చెబితే వంటవాళ్లు కొత్తగా దాషి కాయలేరు. ముందే తెలిస్తే కొంబు, ఎండు షియటాకే పుట్టగొడుగులతో కాచి ఉంచగలరు. అక్కడి బౌద్ధాలయాల శాకాహార వంటలో వాడేది ఇటువంటి దాషియే. రుచి తగ్గుతుందన్న అనుమానం అక్కర్లేదు. 1908లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే కమ్మని రుచికి మూలమైన గ్లూటమేట్‌ను వేరుచేసింది కొంబు నుంచే.

ఉప్పు చల్లి ఉడికించిన సోయా కాయలు, దోసకాయ రోల్ (నాచు ఆకులో అన్నంతో చుట్టినది), అవకాడో రోల్, మిసో పూసి కాల్చిన వంకాయ (ఆ పూతలో దాషి లేదని అడిగి నిర్ధారించుకున్నాక) అమ్మగారికి సరిపోతాయి. సోయా కాయల్లో గింజలే తినాలి, తొక్క పారేయాలి. వంట మద్యం కూడా ఆమెకు పట్టింపైతే మిరిన్, సాకే అనే బియ్యపు మద్యాలు లేనివేవో అదే ఫోన్‌లో అడగండి.

గండికోట గాలి (కడప)

నాకు వేరే అభిప్రాయం ఉంది. పెద్దవాళ్లకు ముఖ్యమైన రోజున వాళ్లకు అలవాటైన భోజనం పెట్టి, జపనీస్ భోజనం మరోనాడు పెట్టుకోవడం మంచిదని నేను అనుకుంటాను. పదార్థాలు ఎన్ని వచ్చినా అన్నం రానిదే మనవాళ్లకు భోజనం చేసినట్టుండదు. అక్కడేమో అన్నం, నూడుల్స్ చివర్లో తెప్పించుకునే ఆచారం ఎక్కువ. వెళ్లడమే ఖాయమైతే వేడి అన్నాన్ని మొదటి ప్లేట్లతోనే తెమ్మని చెప్పండి, తెస్తారు.

ఇంకొకటి, ధరలున్న మెనూను అమ్మానాన్నల చేతికి ఇవ్వకండి. ఒక్కో ప్లేటు ధర చూశాక వాళ్లు ఆకలి లేదని ఆగిపోతారు. ఆర్డరు మీ తమ్ముడే చెప్పాలి. బిల్లు వచ్చాక సర్వీస్ చార్జీ కలిపారేమో చూడమనండి. దాన్ని రెస్టారెంట్లు తమంతట తామే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఇవ్వాలనిపిస్తే సంతోషంగా ఇవ్వండి, అది మీ ఇష్టం.

పెన్నా ఒడ్డు (కడప)

అందరికీ ధన్యవాదాలు. గండికోట గాలి గారూ, మీ మాట తమ్ముడితో చర్చించాను. ఆ మధ్యాహ్నం వాడి ఇంట్లోనే అమ్మకు ఇష్టమైన ఓలిగలతో భోజనం, రాత్రికి ఈ విందు అని నిర్ణయించుకున్నాం. రెస్టారెంట్‌కు ఫోన్ చేస్తే కొంబు, పుట్టగొడుగుల దాషి కాచి ఉంచుతామన్నారు. వేయించే నూనె మాత్రం ఒక్కటేనని నిజాయితీగా చెప్పారు కనుక అమ్మకు తెంపురా చెప్పడం లేదు. మరదలి విషయం, నాన్నగారి బీపీ విషయం మిగిలాయి.

గుత్తి దారి (అనంతపురం)

అమ్మాయికి పచ్చి చేప ఏ రూపంలోనూ వద్దండి. పచ్చిగా వడ్డించే చేపను పరాన్నజీవులు చచ్చేందుకు మైనస్ 20 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచాలన్న నియమం కొన్ని దేశాల్లో ఉన్నా, ఆ చలికి బ్యాక్టీరియా అంతా చావదు. పూర్తిగా ఉడికినవీ కాలినవీ తినవచ్చు; పాదరసం ఎక్కువగా ఉండే పెద్ద ట్యూనా రకాలను మాత్రం ఉడికినా మానేయడం మంచిది. సుషీ కోసే కత్తి, పీట పచ్చి చేపకు వాడినవే కావచ్చు కనుక ఆమె దోసకాయ రోల్‌ను వేరే పీట మీద కోయమని చెప్పండి.

నాన్నగారికి సోయా సాస్ దగ్గర జాగ్రత్త కావాలి. ఒక టేబుల్ స్పూనులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. గిన్నెలో కొద్దిగా పోసి, సుషీలో అన్నం వైపు కాకుండా చేప వైపు అంచును తాకించమనండి; అన్నం సాస్‌ను పీల్చుకుని విడిపోతుంది కూడా. మిసో సూపు ఆయన మానేయవచ్చు. యాకితోరిని, చేపను తక్కువ ఉప్పుతో కాల్చమని ఆర్డరులోనే చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు)

ఒక్కమాట కలుపుతాను. కొన్నిచోట్ల చెప్పులు విప్పి చాపల మీద కూర్చునే గదులుంటాయి. కొన్నింటిలో బల్ల కింద కాళ్లు దించుకునే గుంత ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. పెద్దలకు మోకాళ్ల నొప్పులుంటే, మరదలు గారికి కూడా ఇబ్బంది కాకుండా, కుర్చీలున్న బల్లే కావాలని ఈరోజే ఫోన్ చేసి మార్పించండి.