గోళ్ల కత్తెర చూస్తేనే గుర్రుమంటున్న మా మల్లికి భయం పోగొట్టేదెలా?

ప్రశ్న (హనుమకొండ నుండి)

అందరికీ నమస్తే. మా ఇంట్లో మల్లి అనే రెండేళ్ల నాటు కుక్క ఉంది. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు కాజీపేట స్టేషన్ దగ్గర వానలో తడుస్తుంటే మా అబ్బాయి ఇంటికి తీసుకొచ్చాడు. తల, వీపు ఎంతసేపు నిమిరినా హాయిగా కళ్లు మూసుకుంటుంది గానీ, పంజా మీద చేయి పడిందంటే వెంటనే కాలు లాక్కుంటుంది.

ఈ భయం దానికి మొదటినుండీ లేదు. పోయిన ఎండాకాలం గోళ్లు బాగా పెరిగాయని ఒక గ్రూమింగ్ దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ ముగ్గురు కలిసి దానిని బల్ల మీద అదిమి పట్టుకొని గోళ్లు తీశారు. రెండు గోళ్లు లోతుగా తెగి రక్తం కారింది. అద్దాల తలుపు బయట నిలబడి దాని అరుపు విన్నాను గానీ, లోపలికి వెళ్లి ఆపలేకపోయాను. ఆ రోజు నుండి కత్తెర ఉండే సొరుగు లాగిన చప్పుడు వినబడితేనే మల్లి మంచం కిందికి దూరుతోంది.

ఇప్పుడు వానలు మొదలయ్యాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు (మా ఊరివైపు గోమార్లు అంటారు) కనిపిస్తున్నాయి. పోయిన వారం ఒకదానిని తీయబోతే గుర్రుమని, నా చేతికి జానెడు దూరంలో గాలిని కొరికింది. పళ్లు తగలలేదు. మా అత్తగారు ఒకసారి గట్టిగా కట్టేసి పని కానివ్వమని, అదే అలవాటవుతుందని అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఈలోగా పిడుదుల సంగతి ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (కరీంనగర్ నుండి)

నమస్తే అమ్మా. గాలిని కొరకడం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే కుక్కను అపార్థం చేసుకుంటారు. మీ చేయి అందేంత దగ్గరలో ఉన్నా మల్లి పళ్లు దించలేదంటే, తనకు చేతనైనంత మర్యాదగా ఆపమని అడిగిందన్నమాట. దయచేసి గుర్రుమన్నందుకు గద్దించకండి. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ తిన్న కుక్క కొన్నాళ్లకు ఏ హెచ్చరికా లేకుండానే కరుస్తుంది. నిజానికి అది గుర్రుమనడానికి ముందే చాలా చెప్పి ఉంటుంది: పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకొని కంటి తెల్లభాగం కనబడేలా ఓరగా చూడడం, ఒళ్లు బిగబట్టి కదలకుండా ఉండిపోవడం. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఆ రోజుకు అక్కడే ఆపాలి.

కట్టేసి పని కానిస్తే కుక్క కొన్నిసార్లు నిజంగానే కదలదు. పెనుగులాడి లాభం లేదని తెలిసి ఊరుకుంటుంది, కానీ గుండె దడ మాత్రం అలాగే ఉంటుంది, మరుసటిసారి భయం ఇంకా ముందే మొదలవుతుంది. సొరుగు చప్పుడుకే మంచం కిందికి వెళ్లడం దానివల్లనే వచ్చింది.

ఇక అభ్యాసం. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది వరుస. పావ్‌లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ముందు చప్పుడు, ఆ తర్వాతే తిండి. అందుకే ఆ చప్పుడు వినగానే కుక్కల నోట లాలాజలం ఊరింది. మనం చాలామందిమి దీనిని తలకిందులు చేసి, ముందు చికెన్ ముక్క చూపించి, అది దగ్గరికి రాగానే కాలు పట్టుకుంటాము. అలా చేస్తే కత్తెర మీద ఇష్టం కలగకపోగా చికెన్ మీద కూడా అనుమానం పుడుతుంది. కాబట్టి ముందు సొరుగు చప్పుడు, ఒక క్షణం ఆగి ఉడికించిన చికెన్ తునక. గోళ్ల పని మాటే ఎత్తకుండా రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు మాత్రమే ఇలా చేయండి. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించాలి. ఉల్లిపాయ కుక్కలకు విషం. చప్పుడు వినగానే మల్లి మంచం వైపు కాకుండా మీ వైపు చూసిందంటే మొదటి మెట్టు ఎక్కినట్టే.

తర్వాత కత్తెరను గదికి ఆ చివర నేల మీద పెట్టి, దానిని చూసినప్పుడల్లా తిండి ఇవ్వండి. ఇంకో పూట కత్తెర లేకుండా, భుజం మీద చేయి వేసి, మెల్లగా మోచేతి దాకా, మరోరోజు పంజా దాకా జార్చి, ఒక్క క్షణం ఉంచి తీసేయండి. చేయి తీశాకే తిండి. ఈ రెండు దారులూ విడివిడిగా సాఫీగా సాగాకే కలపాలి. తెగే చప్పుడు అలవాటు చేయడానికి నేను చీపురు పుల్లను కుక్క దగ్గర కూర్చొని ముక్కలుగా కత్తిరించేవాణ్ని. ఇది చాలా బాగా పని చేసింది.

చివరగా, మల్లికి 'ఇక చాలు' అని చెప్పే ఒక మార్గం ఇవ్వాలి. చిన్న స్టూలు మీద మడతపెట్టిన తువాలు వేసి, దాని మీద గడ్డం ఆనించడం నేర్పండి. గడ్డం ఆనించి ఉన్నంతసేపే మీ చేయి పని చేస్తుంది, గడ్డం ఎత్తిన మరుక్షణం చేయి వెనక్కి వస్తుంది. చిరాగ్ పటేల్ అనే శిక్షకుడు 'బకెట్ గేమ్' పేరుతో ఇలాంటి పద్ధతినే ప్రచారంలోకి తెచ్చారు. అందులో కుక్క తిండి ఉన్న బకెట్టు వైపు చూస్తున్నంతసేపే పని సాగుతుంది. ఆపే అధికారం తన దగ్గర ఉందని తెలిసిన కుక్క ఎక్కువసేపు నిలబడడం నేను కళ్లారా చూశాను. మా కుక్కకు రెండున్నర నెలలు పట్టింది. అది కూడా ఇలాగే బెదిరిపోయినదే.

జవాబు 2 (వరంగల్ నుండి)

నేను పశువైద్య రంగంలో పని చేస్తున్నాను. పై సోదరుని సలహా సరైనదే. అయితే అభ్యాసం మొదలుపెట్టే ముందు ఒకసారి వైద్యునికి చూపించండి. చెవిలో చీము ఉన్నా, తెగిన గోరు మొదట్లో ఇన్ఫెక్షన్ మిగిలినా, ముట్టుకోనివ్వకపోవడానికి కారణం నొప్పే కావచ్చు. నొప్పి తగ్గనిదే ఎంత చికెన్ పెట్టినా ఉపయోగం ఉండదు.

పిడుదులను మాత్రం రెండు నెలలు వాయిదా వేయలేము. వాటి వల్ల ఎర్లికియోసిస్, బాబీసియోసిస్ వంటి జబ్బులు వస్తాయి. మల్లికి జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుండి రక్తం వంటివి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రస్తుతానికి ఒక్కొక్క పిడుదునూ చేత్తో తీయవలసిన పని తగ్గించడం మేలు. ఫ్లూరలనర్ వంటి మాత్ర ఒకటి తినిపిస్తే దాదాపు 12 వారాలు పిడుదుల నుండి రక్షణ ఉంటుంది. బరువును బట్టి మోతాదు మారుతుంది, మూర్ఛ వచ్చే కుక్కలకు ఇలాంటి మందు విషయంలో జాగ్రత్త అవసరం కనుక వైద్యుడే రాయాలి. మన ఊళ్లలో చేసినట్టు కిరోసిన్ పూయడం, గేదెలకు వాడే గోమార్ల మందును అందాజుగా నీళ్లలో కలిపి కుక్కకు పట్టించడం ఎంతమాత్రం చేయకండి. దానిని నాక్కొని ప్రాణం మీదికి తెచ్చుకున్న కుక్కలను చూశాను.

మరొక మాట. ఎప్పుడైనా పళ్లు తగిలి చర్మం గీరుకుపోతే, టీకాలు వేయించిన పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకుండా, 15 నిమిషాలు సబ్బుతో పారే నీటి కింద కడిగి వైద్యుని వద్దకు వెళ్లండి.

జవాబు 3 (నర్సంపేట నుండి)

అక్కా, గోళ్లు మరీ పెరిగి నేలకు తగులుతుంటే ఒక ఉపాయం ఉంది. చెక్కపలకకు ఉప్పుకాగితం అంటించి, దాని మీద ముందు కాళ్లతో గీకడం నేర్పితే మల్లి తన గోళ్లను తానే అరగదీసుకుంటుంది. కాలి లోపలివైపు పైన ఉండే గోరు మాత్రం పలకకు అందదు, దానిని కత్తిరించవలసిందే. నల్లగోళ్లలో రక్తనాళం బయటికి కనబడదు కనుక కొసన మిల్లీమీటరు చొప్పున తీస్తూ, కోసిన చోట నడుమ ముదురు చుక్క కనిపించగానే ఆపండి. పక్కన కార్న్‌ఫ్లోర్ ఉంచుకోండి, రక్తం వస్తే అద్ది నొక్కి పట్టడానికి. ఇంట్లో వాళ్లందరికీ ఒకే నియమం చెప్పడం కూడా అవసరం. మీరు నెల రోజులు కష్టపడ్డాక మరొకరు ఒక్కసారి అదిమి పట్టుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది.

అడిగినవారు (ఐదు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. వైద్యునికి చూపిస్తే వెనక కాలి గోరు మొదట్లో నిజంగానే వాపు ఉంది, మందులతో తగ్గింది. మాత్ర వేశాక పిడుదులు రాలిపోయాయి. సొరుగు చప్పుడు వింటే మల్లి ఇప్పుడు పరుగెత్తుకొచ్చి తువాలు మీద గడ్డం పెడుతోంది. రోజూ సాయంత్రం చీపురు పుల్లలు కత్తిరించి వినిపించేది మా అత్తగారే. నిన్న మొదటిసారి ఒక గోరు కొస తీశాను, కదలలేదు. రెండో గోరు పట్టుకోగానే గడ్డం ఎత్తింది. ఇంకా 17 గోళ్లు మిగిలాయి. కాస్త బుజ్జగించి మరొకటి తీయవచ్చా?

జవాబు 1 (కరీంనగర్ నుండి)

వద్దమ్మా. గడ్డం ఎత్తగానే చేయి తీసేసి, ఆ రోజుకు కత్తెర సొరుగులో పెట్టేయండి. రోజుకొకటి చొప్పున తీసినా మూడు వారాలలోపే అన్నీ అవుతాయి.